పన్నెండోవాడి కాళ్ళు

ఆ ఏడు రాయప్పకు పన్నెండో మనిషి దొరకలేదు.

రాళ్ళమడుగు గుడిలో ఏటా పవిత్ర గురువారం సాయంత్రం పూజలో స్వాములవారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. ప్రభువు పట్టుబడబోయే ముందు తన శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, దానికి గుర్తు. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేస్తారు. ఒక్కో కుర్చీ ఒక్కో శిష్యుడిది. పేతురు కుర్చీకీ యోహాను కుర్చీకీ పోటీ ఎక్కువ. పండుగకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలైందో లేదో, పెద్దమనుషులు ఒక్కొక్కరే వచ్చి ఉపదేశి చెవిలో మాట వేసి పోతారు.

చివరి కుర్చీ మాత్రం యూదాది. ప్రభువును పట్టిచ్చినవాడిది. దాన్లో కూర్చోమంటే ఎంతటి నెమ్మదస్తుడికైనా మొహం ముడుచుకుపోతుంది.

ఇన్నేళ్ళూ అంతోని తాత పుణ్యమా అని ఆ చిక్కు రాలేదు. ఎవరి కుర్చీ అయితే తనకేమిటని నవ్వుతూ వెళ్ళి కూర్చునేవాడాయన. మొన్న వానాకాలంలో ఆయన పోయాడు. రాయప్ప వెళ్ళి దర్జీని అడిగితే, పెళ్ళికి ఎదిగిన కూతురుంది, ఆ పేరు నాకెందుకన్నాడు. తాపీమేస్త్రీని అడిగితే, కావాలంటే గుడి చుట్టూ గోడ ఊరికే కట్టిపెడతా గాని ఆ కుర్చీ మాట ఎత్తొద్దన్నాడు.

రాయప్ప ఆ ఊరి ఉపదేశి. స్వాములవారి తరవాత గుడి మంచిచెడ్డలు చూసేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ అతనే. పట్నంలో ఉపదేశుల బడిలో చదివి వచ్చాక ప్రభువు మళ్ళీ లేచిన పాస్కా పండుగ అతనికి ఇదే మొదటిది. అంతా తన చేతి మీదుగా, ఒక్క వంక లేకుండా జరగాలని పట్టుదల. గోడలకు వెల్ల వేయించాడు. పాటలవాళ్ళ చేత గొంతులు బొంగురుపోయేదాకా పాడించాడు. శుక్రవారాలు సిలువ మార్గం జపాలు చెప్పేటప్పుడు అతని గొంతు గుడి దాటి మిరప కల్లాల దాకా వినపడేది. కల్లాల్లో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులు ఆపి, మన రాయప్పే, అనుకునేవాళ్ళు. ఆ మాట ఎలాగోలా అతని చెవిన పడుతూనే ఉండేది.

గర్వపడటానికి అతనికి కారణాలు లేకపోలేదు. ఆ గుడి రాళ్ళు అతని తాతలు కొండ మీంచి నెత్తిన మోసుకొచ్చినవి. ఏ ఆసామి ముందూ చెయ్యి చాపకుండా పల్లె పల్లెంతా కలిసి కట్టుకున్న గుడి. ఇక అతని అన్న జోజయ్య సంగతి ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు.

రెండేళ్ళ కిందట మిరప కోతలప్పుడు కూలి పెంచమని పల్లె అంతా పని ఆపేసింది. కాయ చెట్టు మీదే పండి రాలిపోతున్నా ఎవరూ చేలోకి దిగలేదు. ఆసాములు పోలీసుల్ని పిలిపించారు. పోలీసులు జోజయ్యను తీసుకుపోయారు. నీ వెనక ఇంకా ఎవరెవరున్నారో చెప్పమని కొట్టారు. జోజయ్య నోరు విప్పలేదు. ఒక చెవి వినపడకుండా పోయింది గాని, ఒక్క పేరు చెప్పలేదు. ఇప్పటికీ జోజయ్య గుడిలోకి వస్తుంటే మగవాళ్ళు జరిగి దారిస్తారు. అలాంటప్పుడు అన్న వెనక నడుస్తుంటే రాయప్పకు తన ఒడ్డూ పొడుగూ పెరిగినట్టుండేది.

పోలీసులకు జోజయ్య పేరు చెప్పింది లూర్దయ్య.

ఎందుకు చెప్పాడో అతనూ చెప్పుకోలేదు, ఎవరూ అడగలేదు. భయపడ్డాడని కొందరు, ఆశపడ్డాడని కొందరు అనుకున్నారు. అప్పటినుంచీ పల్లెలో అతన్ని పలకరించినవాళ్ళు లేరు. ఆదివారం పూజకు వస్తాడు గాని లోపలికి రాడు. బయట కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడి, జనం లేవకముందే వెళ్ళిపోతాడు.

మట్టల ఆదివారం మర్నాడు లూర్దయ్య రాయప్ప ఇంటికి వచ్చాడు. గుమ్మం ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడి, భుజం మీది తుండు తీసి చేతుల్లో నలపసాగాడు.

"ఆ చివరి కుర్చీకి ఎవరూ ఒప్పుకోవడం లేదంటగా," అన్నాడు. "నేను కూర్చుంటా."

ఒకప్పుడు వరస కలిపి బావా అని నోరారా పిలిచిన మనిషి. ఇప్పుడు ఏమని పిలవాలో తెలియక, రాయప్ప పిలవకుండానే మాట్లాడాడు. గొంతు కూడా పెంచలేదు.

"ఆ కుర్చీకి కూడా నువ్వు తగవు."

లూర్దయ్య తల ఊపాడు, తనూ అలాగే అనుకుంటున్నట్టు. వచ్చినంత నెమ్మదిగా వెళ్ళిపోయాడు.

ఆ మాట అన్నందుకు రాయప్పకు చాలాసేపు ఒళ్ళు వెచ్చగా, హాయిగా ఉంది. అన్న తరఫున ఎవరో ఒకరు ఎప్పుడో అనవలసిన మాట అది. తన నోటి నుంచి రావడమే న్యాయమనిపించింది.

ఆ సాయంత్రమే స్వాముల బంగళాకు వెళ్ళాడు. ఇన్నాసి స్వామి ఆ ఊరి గుడికి గురువుగా వచ్చి చాలా ఏళ్ళయింది. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, కాస్త వంగి ఉంటారు. ప్రసంగం కూడా నాలుగు మాటల్లో ముగించేస్తారు. రాయప్ప చేత పలక మీద మొదటి అక్షరాలు దిద్దించింది ఆయనే, ఉపదేశుల బడికి పంపిందీ ఆయనే. రాయప్ప వెళ్ళేసరికి వసారాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటున్నారు.

రాయప్ప దారి పొడుగునా కూడబెట్టుకున్న వాదనంతా ఆయన ముందు పెట్టాడు. ప్రభువును అమ్ముకున్నవాడికి పీఠం ముందు కుర్చీ ఏమిటన్నాడు. ఆ రాత్రి యూదా మధ్యలోనే లేచి చీకట్లోకి పోయాడు కాబట్టి శిష్యులుగా మిగిలింది పదకొండుమందే అన్నాడు. పదకొండు కుర్చీలే వేస్తే పిల్లలకు అదొక పాఠం, పల్లె పౌరుషమూ నిలబడుతుందన్నాడు. లూర్దయ్య వచ్చిన సంగతీ, తను అన్న మాటా కూడా దాచలేదు. చెబుతున్నకొద్దీ తన మాటలు తనకే నచ్చుతున్నాయి. యూదా లేచి వెళ్ళింది కాళ్ళు కడిగించుకున్న తరవాతేనన్న సంగతి అతనికి తెలియక కాదు. ఆ ముక్క వాదనలోకి రాలేదు, అంతే.

స్వామి బియ్యంలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పెట్టారు.

"ఏర్పాటు నీది. నీకు తోచినట్టు చెయ్యి," అన్నారు.

గురువునే ఒప్పించానన్న సంతోషంతో రాయప్ప బంగళా మెట్లు దిగాడు.

గురువారం మధ్యాహ్నం పదకొండుమందినీ కాలవ దగ్గరికి తీసుకుపోయాడు. అందరూ కల్లాల్లో పనిచేసేవాళ్ళే. పగిలిన మడమలు, కారం దుమ్ము పట్టిన వేళ్ళు. స్వాములవారి చేతికి అలాంటి కాళ్ళు అందివ్వడం అతనికి ఇష్టం లేదు. ఇటుక ముక్కతో రుద్దించి, సబ్బు పెట్టించి, పగుళ్ళకు కొబ్బరినూనె రాయించాడు. ఇంత తోమాక స్వాములోరికి ఇంకేం మిగిలిందని ఎవరో నవ్వితే, ఊరుకోమని కసిరాడు. అందరికీ తెల్ల పంచెలు కట్టించాడు. పేతురు కుర్చీ జోజయ్యకిచ్చాడు. అందుకు మాత్రం ఎవరినీ అడగలేదు. ఎవరూ కాదనలేదు కూడా.

సాయంత్రానికి గుడి నిండిపోయి, బయట తాటాకు పందిరి కింద కూడా జనం కూర్చున్నారు. చింతపండుతో తోమిన ఇత్తడి పళ్ళెం పీఠం పక్కన మెరుస్తోంది. మొదటి పఠనం రాయప్పే చదివాడు. ఎక్కడా తడబడలేదు. చదివి వచ్చి పక్కన నిలబడి చూసుకున్నాడు. పదకొండు కుర్చీలు, పదకొండు తెల్ల పంచెలు, వరసగా శుభ్రమైన పాదాలు. చుట్టుపక్కల ఏ గుడిలోనూ ఇంత పద్ధతిగా జరిగి ఉండదనుకున్నాడు.

ఇన్నాసి స్వామి పై అంగీ తీసి, నడుముకు తుండు కట్టుకున్నారు. మోకాళ్ళూనడానికి ఆయనకు కాస్త సమయం పట్టింది. ఒక్కొక్కరి ముందుకూ మోకాళ్ళ మీదే జరుగుతూ, చెంబుతో నీళ్ళు పోసి, కడిగి, తుడిచి, వంగి పాదం మీద ముద్దు పెట్టుకున్నారు. రాయప్ప వెంట ఉండి పళ్ళెం జరుపుతున్నాడు. పాట సాగుతోంది. అన్న కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి రాయప్పకు కళ్ళు చెమర్చాయి. ఆ కాళ్ళ మీద కూడా లాఠీ దెబ్బల మచ్చలున్నాయి.

పదకొండో మనిషి అయ్యాడు. స్వామి పళ్ళెంలోకి చూశారు.

"నీళ్ళు తేటగానే ఉన్నాయే," అన్నారు మెల్లగా.

మెచ్చుకుంటున్నారనుకున్నాడు రాయప్ప. లేవడానికి సాయంగా చెయ్యి అందించాడు. స్వామి ఆ చెయ్యి పట్టుకోలేదు. మోకాళ్ళ మీద ఇంకాస్త ముందుకు జరిగారు. ఆఖరి కుర్చీ దాటి, ఏమీ లేనిచోట ఆగారు. చెంబు చేతిలోనే ఉంది.

పాట అయిపోయింది. పాటలవాళ్ళు రాయప్ప వంక చూసి మళ్ళీ మొదటి చరణం ఎత్తుకున్నారు. అదీ అయిపోయింది.

రాయప్ప వంగి, అందరివీ అయిపోయాయి స్వామీ అని గొణిగాడు. పెద్దాయనకు మతిమరుపు వచ్చిందేమోనని భయం వేసింది.

"ఇంకొకరు ఉన్నారు," అన్నారు స్వామి.

"ఎవరూ లేరు స్వామీ."

"నేను ఆగుతాను."

అంతే. ఎదురుగా మనిషి ఉన్నట్టే తల వంచుకుని ఉండిపోయారు.

ఆడవాళ్ళ వైపు గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరసలోంచి ఒక పెద్దాయన, ఏదో ఒక కుర్చీ వేసి ఎవరినో ఒకరిని కూర్చోబెట్టవయ్యా అని సైగ చేశాడు. రాయప్ప గబగబా కుర్చీ తెచ్చి వేశాడు. జనం వైపు తిరిగాడు. దర్జీ కిందికి చూశాడు. మేస్త్రీ దూలాల వైపు చూశాడు. పోయే పరువు తనదే కాబట్టి తనే కూర్చుందామనుకున్నాడు రాయప్ప. స్వామి తల ఎత్తి అతని వంక చూశారు. ఆ చూపులో కోపం లేదు. అయినా కూర్చోబోయినవాడు కూర్చోలేకపోయాడు.

స్వామి మోకాళ్ళ కింద వట్టి గచ్చు. ఆ మోకాళ్ళ బాధ ఎంతో రాయప్పకు తెలుసు. చలికాలంలో ఆముదం వెచ్చచేసి వాటికి రాసేది అతనే. చేతిలోని చెంబు మెల్లగా ఒరుగుతోంది. అంచు మీంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా గచ్చు మీద పడుతున్నాయి. ఆ చప్పుడు గుడి అంతటికీ వినపడుతోంది.

కిటికీ వైపు చూడకూడదనుకున్నాడు రాయప్ప. చూశాడు.

పీఠం దగ్గర్నుంచి తలుపు దాకా ఉన్న ఆ నడవలో అతను ఎప్పుడూ తల ఎత్తుకునే నడిచాడు. ఆరోజూ తల దించకుండానే నడిచాడు గాని, దారికి అటూ ఇటూ ఉన్న మొహాల్లో ఒక్కటీ అతనికి కనపడలేదు. బయట లూర్దయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. కిటికీలోంచి అంతా చూస్తూనే ఉన్నాడు. రాయప్ప రావడం చూసి, వెళ్ళిపొమ్మనడానికి వస్తున్నాడనుకుని ఒకడుగు వెనక్కి వేశాడు.

రాయప్ప అతని ఎదురుగా ఆగాడు. క్షమించానని అనలేదు. అంటే అది అబద్ధమయ్యేది.

"స్వాములోరు మోకాళ్ళ మీద ఉన్నారు," అన్నాడు. "రా."

లూర్దయ్య కదలలేదు. "నా కాళ్ళు బాగోలేవు," అన్నాడు.

నిజమే. కల్లం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. పిక్కల దాకా ఎర్రటి దుమ్ము. రాయప్ప ఆ కాళ్ళ వంక చూసి, అతని మణికట్టు పట్టుకున్నాడు.

ఇద్దరూ లోపలికి వస్తుంటే గుడి అంతా కదిలింది. ఎవరూ కేక వేయలేదు. జోజయ్య ఒక్కడే లేచాడు. పేతురు కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని, తమ్ముడి మొహంలోకి చూడకుండా అతని పక్కనుంచే నడిచి బయటికి వెళ్ళిపోయాడు. మగవాళ్ళు ఎప్పటిలాగే జరిగి దారిచ్చారు.

లూర్దయ్య మణికట్టు మీద రాయప్ప పట్టు సడలింది. అయినా వదలలేదు.

లూర్దయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. స్వామి నీళ్ళు పోశారు. ఎర్రటి నీళ్ళు పళ్ళెంలోకి దిగాయి. ఆయన తొందరపడలేదు. వేళ్ళ సందుల్లో, మడమల పగుళ్ళలో నెమ్మదిగా రుద్ది కడిగారు. కారానికి ఆయన చేతులు మండుతూ ఉండి ఉంటాయి. తుడిచారు. అందరి పాదాలకూ వంగినట్టే వంగి ముద్దు పెట్టుకున్నారు. లూర్దయ్య రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆరోజు పూజ చివర గంట మోగదు. పీఠం మీది గుడ్డలు తీసేస్తారు. జనం మాటాపలుకూ లేకుండా లేచి వెళ్ళిపోతారు. కొందరు వెళుతూ రాయప్ప భుజం తట్టారు. కొందరు తల తిప్పుకుని పోయారు.

సామాన్ల గదిలో రాయప్ప పళ్ళెం ముందు చతికిలబడి కూర్చున్నాడు. స్వామి స్టూలు మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటున్నారు.

"అన్న వెళ్ళిపోయాడు స్వామీ," అన్నాడు రాయప్ప. గొంతులో కోపం దాచుకోలేదు. "ఒక్క పేరు కూడా చెప్పనివాడు వెళ్ళిపోయాడు. పేరు చెప్పినవాడు కూర్చున్నాడు. చివరికి కుర్చీల్లో మళ్ళీ పదకొండే కదా."

స్వామి మోకాళ్ళ మీంచి చేతులు తీశారు.

"అవును, పదకొండే," అన్నారు. గోడ పట్టుకుని లేచారు. "నీళ్ళు మార్చు. చెంబు నేను తెస్తాను."

ఎక్కడికని రాయప్ప అడగలేదు. ఎర్రనీళ్ళు చెట్టు మొదట్లో పారబోసి, పళ్ళెం కడిగి, చెంబు నిండా బావి నీళ్ళు పట్టి, పళ్ళెం నెత్తికెత్తుకున్నాడు. పొద్దు గూకుతోంది. పల్లె వీధిలో ముందు ఉపదేశి, వెనక చెంబు పట్టుకుని కుంటుతూ స్వాములోరు. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు.

జోజయ్య ఇంటి ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. వినపడని చెవి వీధి వైపుంది. వాళ్ళు దగ్గరికి వచ్చేదాకా అతనికి తెలియలేదు. స్వాములోరిని చూసి లేవబోతే, ఆయన భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టారు. ఆయన మోకాళ్ళ మీదికి దిగబోయారు గాని ఈసారి ఆయనవల్ల కాలేదు. చెంబు రాయప్ప చేతికిచ్చారు.

రాయప్ప అన్న ముందు మోకాళ్ళూనాడు. జోజయ్య గబుక్కున కాళ్ళు మంచం కిందికి లాక్కున్నాడు.

"స్వామీ, మీ మాట నేనెప్పుడూ కాదనలేదు," అన్నాడు. "కాని ఆ లూర్దయ్యతో నేను మాట్లాడను."

చెవి పోయిన దగ్గర్నుంచి అతను గట్టిగా మాట్లాడతాడు. వీధంతా వినపడింది.

స్వామి మంచం పట్టె మీద అతని పక్కనే కూర్చున్నారు. వినపడే చెవి వైపు వంగారు.

"మాట్లాడమని ఎవరన్నారు?" అన్నారు. "కాళ్ళు చాపు."

జోజయ్య చాలాసేపు అలాగే కూర్చున్నాడు. రాయప్ప చెంబు పట్టుకుని ఆగాడు. నేల మీది గులకరాళ్ళు మోకాళ్ళలో దిగుతున్నాయి. వీధిలో జనం తననే చూస్తున్నారని తెలుసు. చూడనీ అనుకున్నాడు. పక్కన తన గురువు, ఎదురుగా తన అన్న. ఇంత గర్వంగా అతను ఎన్నడూ ఎవరి ముందూ మోకాళ్ళూనలేదు.

మంచం కింద నుంచి ముందు ఒక కాలు వచ్చింది.